తెల్లవారుజామున 2.1, పక్క మీటరులో 4.3: డీవో ప్రోబు ఎందుకు పాడవుతోంది?

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గర ఊరు. ఐదెకరాల చెరువులో వనామీ రొయ్య వేశాం, ఇప్పుడు 70 రోజులు. ఉప్పు 8 పీపీటీ (వెయ్యి పాళ్లకి 8) ఉంది. పొర ఉన్న ప్రోబుతో (నీళ్లలో ముంచే కొలత ముక్కతో) వచ్చే డీవో మీటరు, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ని కొలిచేది, వాడుతున్నాం. ఏడాదిలో రెండు ప్రోబులు పోయాయి, ఇది మూడోది. కాపలా కుర్రాడు మాటిమాటికీ ముంచి తియ్యలేడని, ప్రోబును ఏరేటరు (నీళ్లలో గాలి కలిపే యంత్రం) పక్కన వెదురుకి కట్టి రాత్రంతా నీళ్లలోనే వదిలేస్తున్నాం. నెల రోజుల నుంచి తెల్లవారుజామున నాలుగింటికి 2.1 పీపీఎం (లీటరు నీటికి మిల్లీగ్రాములు) చూపిస్తోంది. రొయ్య మాత్రం పైకి రావట్లేదు, చెక్ ట్రేల్లో (రొయ్య తింటోందా లేదా చూసే పళ్లేల్లో) మేత కూడా ఖాళీ అవుతోంది. పక్క రైతు తన ఆప్టికల్ మీటరు తెచ్చి అదే చోట ముంచితే 4.3 వచ్చింది. షాపువాళ్లు క్యాలిబ్రేషన్ (మీటరు అంకెను సరిచేయడం) చేసుకోమన్నారు. చేస్తే నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. మేం కూడా ఆప్టికల్ కొనాలా, ఉన్నదాన్ని కాపాడుకునే దారి ఏమైనా ఉందా?

జవాబు: ముందు ఈ రాత్రి సంగతి చూద్దామండి. ఏ మీటరు నిజం చెబుతోందో తేలేదాకా తక్కువ చూపించేదాన్నే నమ్మి ఏరేటర్లు తిప్పండి. కరెంటు ఖర్చు కొంత పెరుగుతుంది, అంతకు మించి పోయేదేమీ లేదు. మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి పక్క మీటరే నిజానికి దగ్గరగా ఉందని మా అంచనా. నెల రోజులపాటు తెల్లారేసరికి 2.1కి పడిపోయే చెరువులో 70 రోజుల రొయ్య మేత ఇంత బాగా తినదు. అంచనా అంచనాయే, అది తేల్చే పరీక్షలు కింద రాశాం.

ఉప్పు సెట్టింగు తప్పయిందేమోనన్న అనుమానం చాలామందికి మొదట వస్తుంది. మీ కేసులో అది కాదు. 30 డిగ్రీల దగ్గర మంచినీళ్లు పట్టగలిగే ఆక్సిజన్ సుమారు 7.5 పీపీఎం, 10 పీపీటీ ఉప్పు నీళ్లయితే సుమారు 7.1. మీ 8 పీపీటీని మీటరులో సున్నా అని వదిలేసినా 4 పీపీఎం దగ్గర వచ్చే తేడా 0.2 లోపే. పైగా ఆ తప్పు ఎక్కువ చూపిస్తుంది గానీ తక్కువ చూపించదు. సెట్టింగు సరిచేసుకోండి, 2.1కి కారణం మాత్రం వేరే చోట ఉంది. రాత్రంతా నీళ్లలో వదిలేస్తున్నామని, క్యాలిబ్రేషన్ చేస్తే నాలుగు రోజులు బాగుంటుందని మీరే రాశారు. ఈ రెండు మాటల్లోనే అది దొరుకుతుంది.

పొర ఉన్న ప్రోబు చివర టెఫ్లాన్‌తోనో పాలిథిన్‌తోనో చేసిన పల్చని పొర ఉంటుంది. నీళ్లు, ఉప్పు దాన్ని దాటలేవు, వాయువులు దాటతాయి. అలా లోపలికి వచ్చిన ఆక్సిజన్ క్యాథోడ్ అనే లోహపు ముక్క మీద ఖర్చైపోతూ ఆ మేరకు చిన్న కరెంటు పుట్టిస్తుంది. మీటరు ఆ కరెంటును కొలిచి మనకు పీపీఎంలో చూపిస్తుంది. లేలాండ్ క్లార్క్ 1956లో ప్రకటించిన పద్ధతి ఇది, మూలసూత్రం ఇప్పటికీ అదే. అంటే ప్రోబు ఆక్సిజన్‌ని కొలవడం ఒక్కటే కాదు, తింటుంది కూడా. నీళ్లు కదలకపోతే పొర ముందున్న ఆక్సిజన్‌ని తనే అవగొట్టేసి, ‘తక్కువుంది’ అని చూపిస్తుంది. ఏరేటరు తిరుగుతున్నంతసేపూ మీ ప్రోబు ముందు నీళ్లు కదులుతాయి. అది ఆగిన మరుక్షణం నుంచి అంకె జారుతుంది.

అంతకంటే పెద్ద సంగతి జిగురు. మొలాసిస్, ప్రోబయాటిక్, మేత పిండి, మేతకి పట్టించే నూనె, జెల్ అన్నీ ఉన్న నీళ్లలో ఒక రాత్రి ఉంటే చాలు, పొర మీద కంటికి కనపడని బాక్టీరియా పూత పడుతుంది. రెండు మూడు రాత్రులకి వేలికి జారుడుగా తగులుతుంది. ఆ పూత ఆక్సిజన్‌కి అడ్డుపడుతుంది, తను కూడా ఊపిరి తీసుకుంటుంది. దాంతో ప్రోబుకి అందేది చెరువులో ఉన్న ఆక్సిజన్ కాదు, ఆ పూత వాడుకోగా మిగిలింది. పగలు ఎండ తగిలి ఆ పూతలో పాచి పట్టిందంటే కథ తిరగబడుతుంది, మధ్యాహ్నం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మీ మీటరు మధ్యాహ్నం రెండింటికి పక్క మీటరు కంటే ఎక్కువ, తెల్లవారుజామున తక్కువ చూపిస్తోందేమో ఒకసారి సరిచూడండి. అలా ఉంటే కారణం జిగురేనని దాదాపు ఖాయం.

పోయిన రెండు ప్రోబుల్ని పారేయకుండా ఉంచారా? ఉంటే క్యాప్ (పొర ఉన్న చివరి మూత) విప్పి లోపలి వెండి భాగం చూడండి. బొగ్గులా నల్లబడి ఉంటే వాటిని చంపింది చెరువు అడుగు. 70 రోజులకి అడుగున నల్లమట్టి చేరుతుంది, అందులో కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. ఆక్సిజన్ లాగే అదీ వాయువే కాబట్టి పొరను దాటి లోపలికి వెళ్తుంది, వెండితో కలిసి నల్లటి సిల్వర్ సల్ఫైడ్‌గా మారుతుంది. వెదురు ముడి జారి ప్రోబు ఒక్క రాత్రి బురదలో కూరుకుపోయినా ఇది జరగొచ్చు. పొర చిరగదు, పైకి ప్రోబు కొత్తదానిలాగే ఉంటుంది, అంకె మాత్రం తప్పుతుంది. మెత్తటి గుడ్డతో పైన ఎంత తుడిచినా లాభం లేదు.

ఇక క్యాలిబ్రేషన్. షాపువాళ్ల సలహా అబద్ధం కాదు, సగమే. గాలిలో పెట్టి బటన్ నొక్కితే మీటరు చేసే పని ఒకటే, ‘ఇప్పుడు వస్తున్న కరెంటే నూటికి నూరు’ అని రాసుకోవడం. పొర మురికిగా ఉందా, ఎలక్ట్రోలైట్ (క్యాప్ లోపలి ద్రావణం) అయిపోయిందా అనేది దానికి తెలియదు. ఉదాహరణకి లెక్క చూడండి. మంచి ప్రోబు గాలిలో 100 యూనిట్ల కరెంటు ఇచ్చి, ఆక్సిజన్ లేని నీళ్లలో 1 ఇస్తుందనుకుందాం. మురికి పట్టి, లోపల క్యాథోడ్ మీద కూడా పొక్కు కట్టిన ప్రోబు గాలిలో 50, సున్నా దగ్గర 5 ఇస్తుంది. బటన్ నొక్కగానే ఆ 50 కాస్తా 7.5 పీపీఎం అయిపోతుంది. సున్నా దగ్గరి 5 యూనిట్లు ఇప్పుడు 0.75 పీపీఎం. నిజంగా 2 ఉన్న చెరువులో ఆ మీటరు 2.5 పైన చూపిస్తుంది. తక్కువ చూపించే మీటరు కరెంటు బిల్లు పెంచుతుంది, ఎక్కువ చూపించే మీటరు పంటనే తీసుకుపోతుంది. మురికి మీద క్యాలిబ్రేషన్ చేస్తే మొదటి రకం రెండో రకంగా మారే ప్రమాదం ఉంది. అందుకే కడగకుండా బటన్ నొక్కొద్దని గట్టిగా చెబుతున్నాం.

పరీక్షకి అరగంట పడుతుంది. పగటి పూట, నీడలో చెయ్యండి. ప్రోబును కడిగి, పొర మీది నీటి బొట్టును దూదితో అద్దండి. అడుగున తడి గుడ్డ వేసిన సీసాలో, గుడ్డకి తగలకుండా ప్రోబును వేలాడదీసి మూతి వదులుగా కప్పండి. పది పదిహేను నిమిషాలు ఆగాక శాతంలో ఎంత చూపిస్తోందో బటన్ నొక్కకుండా కాగితం మీద రాసుకోండి. 100 చూపించాలి. కొన్ని మీటర్లు గాలిలోని ఆక్సిజన్ శాతాన్నే చూపిస్తాయి, వాటిలో 20.9 రావాలి. 95 నుంచి 105 లోపుంటే బాగున్నట్టే. 80 కంటే కింద ఉంటే మురికో, ఎలక్ట్రోలైట్ లోపమో ఉన్నట్టు. 120 దాటితే పొర చిరిగి ఉండొచ్చు, వదులుగానైనా ఉండొచ్చు. ఎండలో ఈ పరీక్ష చేస్తే ఫలితం పనికిరాదు. సీసాలో గాలి ఒక వేడి మీద, ప్రోబు ఇంకో వేడి మీద ఉంటాయి. పొర గుండా ఆక్సిజన్ దూరే వేగం డిగ్రీకి సుమారు 3 శాతం మారుతుంది.

తర్వాత సున్నా పరీక్ష. అర లీటరు ఆర్వో నీళ్లలో 10 గ్రాముల సోడియం సల్ఫైట్ కలపండి. కొనేటప్పుడు పేరు రెండుసార్లు చదవండి. సోడియం సల్ఫేట్ కాదు, బ్లీచింగ్ విరగ్గొట్టడానికి వాడే హైపో కూడా కాదు, అది థయోసల్ఫేట్. అయిదు నిమిషాలు ఆగి ప్రోబును ముంచి నెమ్మదిగా తిప్పుతూ ఉండండి. ఆరోగ్యంగా ఉన్న ప్రోబు అంకెలో చాలా భాగం నిమిషంలోపే దిగిపోయి, అయిదు నిమిషాల్లోపు 0.2 దగ్గరకి వచ్చేస్తుంది. ఈడ్చుకుంటూ దిగితే పొర బయట మురికి ఉన్నట్టు. త్వరగానే దిగి 0.5 పైన ఎక్కడో ఆగిపోతే లోపల పొక్కు కట్టినట్టో, పొర కారుతున్నట్టో అనుకోవాలి. పని అయ్యాక ప్రోబును బాగా కడగండి, ఆ ద్రావణం పారబోయండి. రేపటికి దాచుకుంటే గాలిలోని ఆక్సిజన్ తాగేసి పనికిరాకుండా పోతుంది.

మీ ప్రోబు ఇందులో తప్పితే, మా లెక్క ప్రకారం తప్పుతుంది కూడా, క్యాప్ విప్పాల్సిందే. విప్పేముందు అది ఏ రకమో తెలియాలి. మీటరు పుస్తకంలో గాల్వానిక్ అనో పోలరోగ్రాఫిక్ అనో రాసి ఉంటుంది. పుస్తకం పోయిందంటే, ఆన్ చెయ్యగానే అంకె నిలబడేది సాధారణంగా గాల్వానిక్, అయిదు పది నిమిషాలు ఆగమనేది పోలరోగ్రాఫిక్. ఒకదాని ఎలక్ట్రోలైట్ ఇంకోదాంట్లో పొయ్యకూడదు. పోలరోగ్రాఫిక్‌లో ఎక్కువగా పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. గాల్వానిక్ ప్రోబులు కొన్నింటిలో కాస్టిక్ లాంటి క్షారం ఉంటుంది, చేతికి తగిలితే కాలుతుంది, గ్లౌజులు వేసుకోండి.

ఫ్యాను ఆపి, టేబుల్ మీద తెల్లటి స్టీలు పళ్లెం పెట్టుకుని దానిపైన విప్పండి. లోపల చిన్న ఓ రింగు ఉంటుంది, నేల మీద పడితే ఇక దొరకదు. పాత ద్రావణం పారబోసి, ఆర్వో నీళ్లతో లోపల రెండుసార్లు కడగండి. క్యాథోడ్ మీద తెల్లగానో బూడిద రంగుగానో పొక్కు కనిపిస్తే 400 నంబరు వాటర్ పేపరు ముక్కను తడిపి రెండు మూడుసార్లు తేలిగ్గా రుద్దండి. బంగారు క్యాథోడ్ అద్దంలా మెరవక్కర్లేదు, శుభ్రంగా, కాస్త గరుకుగా ఉంటే చాలు. కంపెనీ తన పాలిష్ పేపరు ఇచ్చి ఉంటే దాన్నే వాడండి. వెల్డింగ్ షాపు గరుకు కాగితంతో రుద్దితే ఆ రోజుతో దాని పని సరి.

వెండి నల్లబడి ఉంటే, అది పోలరోగ్రాఫిక్ రకమై ఉంటే, 3 శాతం అమ్మోనియా ద్రావణంలో ఆ చివర మాత్రం మునిగేలా ఒక రాత్రి ఉంచి, పొద్దున్నే నీళ్లతో బాగా కడిగి తడి గుడ్డతో తుడిస్తే చాలావరకు తెల్లబడుతుంది. గాల్వానిక్‌కి అమ్మోనియా వాడకండి, అందులో సీసమో జింకో ఉంటుంది. ఇంకో జాగ్రత్త మరీ ముఖ్యం. మోటారు షెడ్డులో బ్లీచింగ్ పౌడరు బస్తా ఉంటుంది కదా, ఈ పని దాని దగ్గర చెయ్యకండి, రెండూ ఒకే గిన్నెలో పడనివ్వకండి. అమ్మోనియా, బ్లీచింగ్ కలిస్తే ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే విషవాయువు పుడుతుంది.

కొత్త క్యాప్‌ని అంచు దాకా ద్రావణంతో నింపి, వేలితో పక్కనుంచి తట్టి బుడగలు పైకి పోనివ్వండి. పొర మీద వేలు పెట్టొద్దు, చర్మం మీది జిడ్డు కూడా మురికే. ప్రోబును నిలువుగా పట్టుకుని నెమ్మదిగా తిప్పుతూ బిగిస్తే మిగులు ద్రావణం మరల్లోంచి పొంగి కారుతుంది. అలా కారాలి. కారలేదంటే లోపల గాలి ఉన్నట్టే. వెలుతురులో పొరను చూడండి. ముడత ఉన్నా, లోపల మూడు మిల్లీమీటర్ల కంటే పెద్ద బుడగ కదులుతున్నా మళ్లీ మొదటినుంచి చెయ్యాలి. విసుగే, కానీ ఆ బుడగతో వదిలేస్తే వారమంతా అంకె ఊగుతుంది. పోలరోగ్రాఫిక్‌ని ఆన్ చేసి కనీసం పావుగంట ఉంచి, అప్పుడు గాలి పరీక్ష, దాంట్లో దగ్గరకొస్తే అప్పుడే క్యాలిబ్రేషన్. ద్రావణం నెలకోసారి మార్చండి. పొర క్యాప్‌కి రొయ్యల చెరువులో ఒకటి రెండు నెలల ఆయుష్షు వస్తే బాగా వచ్చినట్టే.

ఇదంతా పాడైనదాన్ని బాగుచేసే సంగతి. పాడుకాకుండా చూసేది కొలిచిన తర్వాతి రెండు నిమిషాలు. మీ కాపలా కుర్రాడికి నేర్పాల్సింది అదే. నీళ్లలోంచి తీసిన వెంటనే, పొర మీద చెరువు నీళ్లు ఆరకముందే, పిచికారీ సీసాతో కడగాలి. బోరు నీళ్లు వద్దు. మన డెల్టా బోర్లలో చాలాచోట్ల ఉప్పు, ఇనుము, గట్టిదనం ఉంటాయి. ఆరితే తెల్ల చారలు, ఎర్ర మరకలు పొర మీద మిగులుతాయి. తాగడానికి తెప్పించుకునే ఇరవై లీటర్ల ఆర్వో క్యాన్ షెడ్డులో ఎలాగూ ఉంటుంది, అందులోంచి ఒక గ్లాసు చాలు. తర్వాత దూదితో అద్దాలి, తువ్వాలుతో అడ్డంగా తుడవకూడదు. జారుడు తగిలితే అర లీటరు నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు వేసి, ఆ నీళ్లలో ముంచిన దూది పుల్లతో నెమ్మదిగా రాసి మళ్లీ కడగాలి. ఏరేటరు గేరు బాక్సు నూనె అంటినా అదే మందు. సున్నం చల్లిన రోజుల్లో తెల్లటి పెచ్చు కడితే వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి పది పదిహేను నిమిషాలు ముంచి, తర్వాత అంతసేపు మంచినీళ్లలో ఉంచండి. పెట్రోలు, థిన్నరు, స్పిరిట్, చేతులకి రాసుకునే శానిటైజరు వీటిలో ఏదీ పొర దగ్గరకి రానివ్వకండి.

రాత్రంతా కట్టి వదిలేయడం మానాలి. ఎప్పుడూ నీళ్లలో ఉండేందుకే చేసిన ప్రోబులు వేరే ఉన్నాయి, వాటికి తుడుచుకునే బ్రష్షో గాలి ఊదే గొట్టమో ఉంటుంది. మీది అది కాదు. రాత్రి పదింటికి, ఒంటిగంటకి, మూడున్నరకి, తెల్లారే ముందు అయిదింటికి ముంచి తీస్తే చాలు, ఒక్కోసారి మూడు నిమిషాల పని. వెదురు ఆలోచన మాత్రం బాగుంది, దాన్ని ఇలా మార్చండి. కర్ర అడుగు కొన నుంచి ఒక జానెడు పైన ప్రోబు చివర ఉండేలా రెండు చోట్ల మెత్తటి తాడుతో కట్టండి. కర్ర నేలకి తగిలేదాకా దింపితే ప్రోబు ఎప్పుడూ అడుగుకి జానెడు పైనే ఉంటుంది. రొయ్య తిరిగే చోటే కొలిచినట్టవుతుంది, బురద అంటదు. కర్ర ఊపుకి బురద లేస్తుంది కాబట్టి, తగిలాక రెండంగుళాలు పైకెత్తి సెకనుకి ఒక జానెడు వేగంతో అటూ ఇటూ నెమ్మదిగా ఆడించండి. అంకె నిలబడ్డాక రాసుకోండి. ప్రోబును కాస్త ఏటవాలుగా కడితే పొర కింద బుడగ నిలవదు. ఏరేటరు పక్కన కొలిస్తే బుడగలంటుకుని అంకె ఎగురుతుంది, పైగా అక్కడ ఉన్నది చెరువు మొత్తంలోకి మంచి నీరు. ఏరేటర్లకి దూరంగా, నీళ్లు పెద్దగా కదలని మూల ఒకటి ఎంచుకోండి. కేబులు రెక్కల్లోకి పోయే ప్రమాదమూ తప్పుతుంది.

మందులు వేసిన రోజుల్లో కొలిచినప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. నీళ్లలో క్లోరిన్ మిగిలి ఉంటే పొర ప్రోబు దాన్ని కూడా ఆక్సిజన్ కింద లెక్కేసి ఎక్కువ చూపిస్తుంది. బ్లీచింగ్ చేసిన రిజర్వాయరులో డీవో చూసి మురిసిపోకండి. ఆపద సమయంలో ఆక్సిజన్ గ్రాన్యూల్స్ చల్లాక, చల్లిన చోటే ముంచితే కనిపించేది ఆ గుళికల చుట్టూ ఉన్న నీళ్ల సంగతి. ఇరవై నిమిషాలాగి ఎదుటి గట్టున కొలవండి.

ఏరేటరు వేయగానే అంకె గెంతి, ఆపగానే నిలబడుతోందా? అది ప్రోబు రోగం కాకపోవచ్చు, మోటారు నుంచి నీళ్లలోకి కరెంటు లీకవుతూ ఉండొచ్చు. నీళ్లలో చెయ్యి పెట్టి చూడకండి, ఎవర్నీ దిగనివ్వకండి. ఒక్కొక్క ఏరేటరు స్విచ్చి ఆపుతూ ఏదో తేల్చి, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా దాన్ని వాడకండి.

దాచే చోటు గురించి మీరు రాయలేదు గానీ మోటారు షెడ్డులో మేకుకి తగిలిస్తూ ఉంటారని అనుకుంటున్నాం. బ్లీచింగ్ ఘాటు, జనరేటర్ పొగ, రేకుల కింద వేసవి వేడి, కేబులు కొరికే ఎలుకలు, అన్నీ అక్కడే ఉంటాయి. బండి డిక్కీ ఇంకా అన్యాయం, ఎండలో నిలబెట్టిన గంటకే అందులో పొర ఎండిపోతుంది. గట్టిగా మూత పడే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇంట్లోనో కాపలా గుడిసెలో నీడనో ఉంచండి. ప్రోబు చివరికి దాని తొడుగు వేసి, తొడుగులో ఆర్వో నీళ్లతో తడిపి పిండిన చిన్న స్పాంజి ముక్క పెట్టాలి. చెరువు నీళ్లతో తడిపితే స్పాంజిలోనే జిగురు పుడుతుంది. స్పాంజిని వారానికోసారి ఉతకండి. మీటరు తడికి పాడవకుండా చాలామంది డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేస్తారు. మంచిదే, కానీ తొడుగు లేని ప్రోబు కూడా అందులోనే ఉంటే ఆ పొట్లం దాన్నీ ఎండబెట్టేస్తుంది. కనెక్టరుకి ఉప్పు నీళ్లు తగిలితే ఆర్వో నీళ్లతో కడిగి, ఫ్యాను కింద పూర్తిగా ఆరాకే తగిలించండి. పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టే రోజుల్లో బ్యాటరీలు తీసెయ్యండి. పోలరోగ్రాఫిక్ అయితే నెల దాటి వాడనప్పుడు ద్రావణం పారబోసి, కడిగి ఆరబెట్టి, పొడి క్యాప్ తగిలించి ఉంచవచ్చు. గాల్వానిక్ ఆపేసినా లోపల అరుగుతూనే ఉంటుంది, దానికి విశ్రాంతి లేదు. అందుకే అవసరానికి ఏడాది ముందే రెండో ప్రోబు కొని అల్మరాలో పెట్టుకోవడం దండగ.

ఇక ఆప్టికల్ కొనాలా అన్న ప్రశ్న. ఆప్టికల్ ప్రోబు క్యాప్‌లో ఒక రంగు పూత ఉంటుంది. దాని మీద నీలి కాంతి పడితే ఎర్రగా వెలుగుతుంది. ఆక్సిజన్ ఎక్కువయ్యేకొద్దీ ఆ వెలుగు త్వరగా ఆరిపోతుంది. ఎంత త్వరగా ఆరిందనేది మీటరు కొలుస్తుంది. ఆక్సిజన్‌ని తినదు కాబట్టి కర్ర ఊపాల్సిన అవసరం పెద్దగా లేదు. హైడ్రోజన్ సల్ఫైడ్‌కి నల్లబడే వెండి లేదు, మార్చాల్సిన ద్రావణం లేదు. రొయ్యల చెరువుకి అదే మేలు, దాంట్లో మొహమాటం లేదు. కానీ జిగురు దానికీ పడుతుంది, పడితే అదీ తెల్లవారుజామున తక్కువే చూపిస్తుంది. పూత మీద గీత పడినా, స్పిరిట్ తగిలినా, ఎండలో ఊరికే పడేసినా పాడవుతుంది. క్యాప్ ఎండిపోతే ఒక రోజు నీళ్లలో నానబెట్టి మళ్లీ క్యాలిబ్రేషన్ చెయ్యాలి. బాగా చూసుకున్నా ఏడాదికో రెండేళ్లకో క్యాప్ మార్చాలి, అది చవక కాదు.

ఒక్క చెరువే అయితే ఈ పంట దాకా ఉన్న మీటరుతోనే నెట్టుకురండి. రెండు పొర క్యాపులు, ఒక సీసా ఎలక్ట్రోలైట్ అదనంగా తెచ్చిపెట్టుకోండి. మూడు నాలుగు చెరువులు తిరిగి కొలిచేవాళ్లకి, కుర్రాళ్లు తరచూ మారిపోయేవాళ్లకి ఆప్టికల్ డబ్బు తిరిగొస్తుంది. ఏది కొన్నా, కొనేరోజే విడి క్యాపు భీమవరంలోనో కైకలూరులోనో స్టాకు ఉందేమో అడగండి. తెప్పించి ఇస్తామంటే ఆ పది రోజులు మీ చెరువుకి మీటరు లేనట్టే.

ఈలోగా ఏ మీటరు నిజమో తేల్చడానికి రెండు మీటర్ల మధ్య పోటీ పెట్టక్కర్లేదు. 1888లో వింక్లర్ చెప్పిన రసాయన పరీక్ష కిట్టుగా ఆక్వా ల్యాబుల్లో దొరుకుతుంది, లేదా వాళ్లచేతే చేయించవచ్చు. అజైడ్ కలిపిన రకం అడిగి తీసుకోండి. మీ చెరువులో 70 రోజులకి నైట్రైట్ ఉంటుంది, మామూలు వింక్లర్‌ని అది తప్పుదారి పట్టిస్తుంది. సీసాను నీళ్లలోపలే బుడగ లేకుండా నింపి, కిట్టులోని మొదటి రెండు ద్రావణాలు గట్టు మీదే వేసి మూత బిగించండి. అలా కాకుండా నీళ్లు తీసుకెళ్లి ల్యాబులో వేస్తే దారిలోనే అంకె మారిపోతుంది. వారానికోసారి, తెల్లారే ముందు, మీటరు ముంచిన చోటే. రెండు అంకెలూ పక్కపక్కన ఒక పుస్తకంలో రాస్తూ పోండి, క్యాప్ మార్చిన తేదీ కూడా అందులోనే. తేడా 0.5 దాటిన వారం క్యాప్ విప్పి చూడండి.